అద్దాలు చెప్పింది 627, స్కోప్ చూపింది 75

రెండు అద్దాల మధ్య వెలుగు తిరిగే చోటుని క్యావిటీ అంటాం, అది ఎంత సన్నని పీకులు ఇస్తుందో చెప్పే సంఖ్య ఫినెస్. మా క్యావిటీకి లెక్క ప్రకారం రావాల్సిన ఫినెస్ 627. మా పిల్లలు కొలిచి తెచ్చింది 75. పది శాతం తేడా వస్తే గది వేడి అనో, అద్దం పూతలో తేడా అనో సర్దుకుంటాం గానీ ఎనిమిది రెట్లు తక్కువ వచ్చిన సంఖ్య కింద సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ 75 ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టడానికి దాదాపు ఏడు వారాలు పట్టింది. ఒక్క తప్పే ఉంటే ఒక్కరోజులో దొరికేది. ఉన్నవి నాలుగు, ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉన్నాయి. చిన్న కాలేజీల్లో ఇదే ప్రయోగం చేసేవాళ్లకి పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను.

మా ల్యాబు శ్రీకాకుళం జిల్లాలో, ఆమదాలవలస దగ్గర్లో ఉంది. ఒక పక్క హౌరా-చెన్నై రైల్వే లైను, అర కిలోమీటరు కూడా ఉండదు. ఈ దూరం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. కొనుక్కునే ఆప్టికల్ టేబుల్‌కి మా దగ్గర డబ్బు లేదు. టెక్కలి వెళ్లి నాలుగంగుళాల మందం గ్రానైట్ రాయి, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కోయించుకొచ్చాం. పాలిష్ చేసే ఆయన "ఏటి సార్, వంటింటి గట్టుకి ఇంత మందమా?" అని అడిగాడు. లేజర్‌కి అని చెప్తే, చేత్తో తడిమి చూసి ఇంకో గంట కూర్చుని అంచులు కూడా నున్నగా చేసి ఇచ్చాడు, దానికి డబ్బు తీసుకోలేదు. సుమారు 200 కిలోల రాయి. దాన్ని ఇసక నింపిన పెట్టె మీద, సగం గాలి కొట్టిన నాలుగు స్కూటర్ ట్యూబుల మీద కూర్చోబెట్టాం.

దాని మీద ఉన్నది చాలా చిన్న సంగతి. 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్, పోలరైజ్డ్ రకం. దాని ముందు ఎదురెదురుగా రెండు పుటాకార దర్పణాలు, ఒక్కోటి 50 సెంటీమీటర్ల వక్రతా వ్యాసార్ధం, 99.5 శాతం పరావర్తనం, మధ్య దూరం 5 సెంటీమీటర్లు. ఒక దర్పణం వెనక ఉంగరం ఆకారంలో పీజో, వోల్టేజ్ ఇస్తే అది దర్పణాన్ని కొన్ని వందల నానోమీటర్లు ముందుకీ వెనక్కీ జరుపుతుంది. అవతల వెలుగుని కరెంటుగా మార్చే ఫోటోడయోడ్, అక్కణ్నుంచి ఆ సిగ్నల్‌ని గీతగా చూపే ఆసిలోస్కోప్, మేం స్కోప్ అనేస్తాం. 1899లో మార్సే నగరంలో చార్లెస్ ఫాబ్రీ, ఆల్‌ఫ్రెడ్ పెరో అనే ఇద్దరు చేసిన పరికరానికి ఇది వారసురాలే. కాకపోతే వాళ్ల దగ్గర లేజరూ లేదు, పీజోతో స్కాన్ చేసే వీలూ లేదు.

రెండు అద్దాల మధ్య వెలుగు అటూ ఇటూ తిరుగుతుంది. ఒక చుట్టులో సరిగ్గా పూర్ణసంఖ్య తరంగాలు పడితే వెలుగు అవతలికి దాటుతుంది, పడకపోతే వెనక్కి వచ్చేస్తుంది. అలా దాటే రెండు పక్కపక్క పౌనఃపున్యాల మధ్య ఎడమే ఫ్రీ స్పెక్ట్రల్ రేంజ్, మేం ఎఫ్ఎస్ఆర్ అనేస్తాం. కాంతి వేగాన్ని రెట్టింపు పొడవుతో భాగిస్తే అది వస్తుంది, 5 సెంటీమీటర్లకి 2998 మెగాహెర్ట్జ్. దాటిన వెలుగు స్కోప్ మీద శిఖరంలా లేస్తుంది, అదే పీక్. ఒక్కో పీక్ సగం ఎత్తు దగ్గర ఎంత వెడల్పు ఉందో అది లైన్‌విడ్త్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఫినెస్. అది పొడవు మీద ఆధారపడదు, అద్దాల మీద మాత్రమే ఆధారపడుతుంది. 99.5 శాతం అద్దాలకి 627 రావాలి.

పీజోకి సెకనుకి పదిసార్లు పైకీ కిందకీ వెళ్లే త్రిభుజాకార వోల్టేజ్ ఇచ్చాం. స్కోప్ మీద ఒక ఎఫ్ఎస్ఆర్ 20 మిల్లీసెకన్లలో దాటుతోంది. అంటే ఫినెస్ 627 అయితే పీక్ వెడల్పు 32 మైక్రోసెకన్లు ఉండాలి. మాకు 270 కనిపించింది.

మొదటి తప్పు పీక్ ఆకారంలోనే రాసి ఉంది, చూసే కన్ను ఉండాలంతే. ఎడమవైపు నిటారుగా లేస్తోంది, కుడివైపు జారుడుబల్లలా మెల్లగా దిగుతోంది. పిల్లలు దాన్ని అద్దం ఒంపు అనుకున్నారు. నేను ఒక్కటే అడిగాను, "వోల్టేజ్ తగ్గేటప్పుడు తోక ఎటువైపు ఉందమ్మా?" అని. క్యావిటీలో నిజంగా అసమానత ఉంటే, అద్దం వెనక్కి వచ్చేటప్పుడు పీక్ తిరగబడి తోక ఎడమకి రావాలి. అప్పుడు కూడా కుడికే ఉంది. అంటే ఆ తోక కాలంతోపాటు నడుస్తోంది, అద్దంతో కాదు. కాలంతో నడిచేది ఎలక్ట్రానిక్సు. ఫోటోడయోడ్ నుంచి రెండు మీటర్ల కేబుల్ నేరుగా స్కోప్ 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కి వెళ్తోంది. కేబుల్ మీటరుకి 100 పికోఫారడ్లు, డయోడ్‌ది ఒక 50, స్కోప్‌ది 15, మొత్తం 265. దాన్ని ఒక మెగాఓమ్‌తో గుణిస్తే 265 మైక్రోసెకన్లు, సిగ్నల్ దిగడానికి పట్టే కాలం అది. మనం కొలుస్తున్నది క్యావిటీని కాదు, కేబుల్‌ని.

స్కోప్ దగ్గర T ఆకారం కనెక్టర్ పెట్టి 10 కిలోఓమ్ రెసిస్టర్ తగిలించాం. ఆ కాలం 2.65 మైక్రోసెకన్లకి పడిపోయింది, మా పీక్ వెడల్పుతో పోలిస్తే ఫరవాలేదు. సిగ్నల్ మాత్రం మూడు వోల్టుల నుంచి 130 మిల్లీవోల్టులకి తగ్గింది. పిల్లలకి అదే బాధ, "సార్, అంత మంచి సిగ్నల్ పాడైపోయింది" అన్నారు. పెద్దగా కనిపించే సిగ్నల్ మీద ఆశ ఎంత గట్టిదో నాకూ తెలుసు, ఎంఫిల్ రోజుల్లో నేనూ అలాగే కూర్చున్నాను. కానీ వెడల్పు కొలిచేటప్పుడు ఎత్తుకి కాదు, వేగానికి విలువ ఇవ్వాలి. ఇంకా తగ్గించి 50 ఓమ్‌లు పెట్టొచ్చు గానీ అప్పుడు మిల్లీవోల్టు కూడా రాదు, నాయిస్‌లో కలిసిపోతుంది.

స్కోప్ మీద ఒక ఎత్తైన పీక్, పక్కనే ఒక పొట్టి పీక్ కనిపిస్తాయి. ఇప్పుడు ఆ ఎత్తైన, అంటే పొడవైన పీక్ వెడల్పు 49 మైక్రోసెకన్లు, ఫినెస్ 410. ఒక్క రెసిస్టర్‌తో 75 నుంచి 410. ఆ రోజు అందరం టీ తాగి ఇంటికెళ్లాం.

మర్నాడు టెన్షన్ మొదలైంది. అదే అద్దాలు, అదే రెసిస్టర్, పొద్దున 460, మధ్యాహ్నం 370, ఒకసారి ఏకంగా 490. పైగా స్కోప్ మీద మొదటి ఎఫ్ఎస్ఆర్ 21.3 మిల్లీసెకన్లు, రెండోది 18.4. క్యావిటీ పొడవు మారలేదు కాబట్టి ఎఫ్ఎస్ఆర్ మారే ప్రశ్నే లేదు, మారుతున్నది మన కొలబద్ద. పీజో ఇచ్చిన వోల్టేజ్‌కి సమానంగా సాగదు, ర్యాంప్ (ఎక్కే వోల్టేజ్) మొదట్లో మెల్లగా, తర్వాత జోరుగా, వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ ఇంకో దారిలో. అందుకని ర్యాంప్ ఒక చివర వెడల్పు కొలిచి, ఇంకో చివర ఎఫ్ఎస్ఆర్ కొలిచి భాగిస్తే వచ్చేదాన్ని నమ్మకూడదు. దగ్గర్లో ఉన్న కొలబద్ద కావాలి. అది లేజర్ దగ్గరే ఉంది. హీలియం-నియాన్ ట్యూబు ఒకే పౌనఃపున్యం ఇవ్వదు, రెండు మూడు పక్కపక్క మోడ్లు ఇస్తుంది, వాటి మధ్య ఎడం ట్యూబు పొడవు నిర్ణయిస్తుంది. మా ట్యూబు కాగితంలో 438 మెగాహెర్ట్జ్ అని ఉంది. స్కోప్ మీద పొడవైన పీక్ పక్కనే మూడు మిల్లీసెకన్ల దూరంలో కనిపించే పొట్టి పీక్ అదే. ఇక ఆ ఎడంతో పోల్చి వెడల్పుని నేరుగా మెగాహెర్ట్జ్‌లో రాయడం మొదలుపెట్టాం. ఏ పీక్‌కి ఆ పీక్ పక్క కొలబద్ద.

రీడింగుల్లో చెదురు సగం తగ్గింది, సగం తగ్గలేదు. ఆ మిగతా సగానికి కారణం మాకు చెప్పింది మా అటెండర్. ఆయనకి రైళ్ల టైములు నోటికి వచ్చు. కొలతల పుస్తకంలో టైము పక్కన నేను చుక్కలు పెట్టిన రీడింగులు చూసి, "ఇవన్నీ గూడ్సు దాటే టైములు సార్" అన్నాడు. అద్దం సెకనుకి సుమారు 16 మైక్రోమీటర్ల వేగంతో జరుగుతోంది. గూడ్సు పోతున్నప్పుడు రెండు అద్దాల మధ్య 20 హెర్ట్జ్‌లో పది నానోమీటర్ల అదురు వచ్చినా, దాని వేగం సెకనుకి ఒకటింపావు మైక్రోమీటరు. అంటే ఎనిమిది శాతం. పీక్ దాటే 49 మైక్రోసెకన్లలో అదురు ఒక్కవైపే లాగుతుంది, అందుకే ఒకసారి పీక్ సన్నగా, ఒకసారి లావుగా కనిపిస్తుంది. సగటు మారదు, చెదురు పెరుగుతుంది. రాయి కింది స్కూటర్ ట్యూబులు ఈ అదురుని కొంత ఆపాయి గానీ మొత్తం ఆపలేదు. అప్పటినుంచి అసలు కొలతలు రాత్రి పన్నెండు దాటాక, ప్రతిసారీ 40 స్వీపులు (అద్దం ఒకసారి జరిగితే ఒక స్వీపు), రైలు చప్పుడు వినిపిస్తే ఆ నిమిషం వదిలెయ్యడం. పగలు 45 దాకా ఉండే చెదురు రాత్రి 15కి వచ్చింది. ఏసీ కూడా ఆపేసేవాళ్లం. అద్దాల మధ్య ఉన్నది అల్యూమినియం గొట్టం, ఒక డిగ్రీ వేడెక్కితే 5 సెంటీమీటర్లకి మైక్రోమీటరు పైనే సాగుతుంది, అంటే స్క్రీను మీద మూడున్నర ఎఫ్ఎస్ఆర్‌లు పక్కకి జరిగిపోతాయి. ఏసీ ఆగి మొదలైన ప్రతిసారీ పీకులన్నీ ఊరేగింపులా వెళ్లిపోయేవి.

ఇంతవరకు చాలామంది చేసే ప్రయోగమే. నాకు నిజంగా నిద్ర పట్టనివ్వనిది తర్వాత వచ్చింది.

రాత్రి రీడింగుల్లో పొడవైన పీక్ నిలకడగా 410 ఇస్తోంది. పొట్టి పీక్ నిలకడగా 310. చెదురు కాదు, నలభై స్వీపుల్లోనూ అంతే. ఒకే జత అద్దాలు, ఒకే దారి, 438 మెగాహెర్ట్జ్ తేడా అంటే వెలుగు పౌనఃపున్యంలో పది లక్షల్లో ఒక వంతు కంటే తక్కువ. ఆపాటి తేడాకి అద్దం పూత తన గుణం మార్చుకోదు. ఫినెస్ రెండు పీకులకీ ఒకటే అయి తీరాలి. మరి ఒకటి ఎందుకు లావు? లేజర్‌లోకి వెలుగు తిరిగి వెళ్లి కలత పెడుతోందేమో అనుకుని, పోలరైజర్, క్వార్టర్ వేవ్ ప్లేట్ పెట్టి వెనక్కి వచ్చే వెలుగుని ఆపాం. ఎత్తులు నిలకడ అయ్యాయి, వెడల్పు మారలేదు. మంచి అలవాటు, అలాగే ఉంచేశాం.

ఒక రాత్రి ఎమ్మెస్సీ అమ్మాయి ఒకామె అద్దం స్క్రూ సరిచేస్తూ చేస్తూ అటు తిప్పాల్సింది ఇటు తిప్పింది. పొడవైన పీక్ పడిపోయింది, అది పడాలి. పొట్టి పీక్ కూడా పడాలి. పడలేదు. ఒక పక్కకి ఒరిగి, భుజం పెంచి, రెండో తల ఎత్తింది. "సార్, ఇది ఒకటి కాదు, రెండు!" అంది. స్కాన్ ఆపి, పీజో వోల్టేజ్ చేత్తో మెల్లగా తిప్పి ఆ పీక్ మీద నిలబెట్టి, ఫోటోడయోడ్ స్థానంలో తెల్ల కాగితం పెట్టాం, లైట్లు ఆర్పాం. రెండు మూడు సెకన్లు నిలిచింది. గుండ్రటి మచ్చ రావాల్సిన చోట రెండు కందిపప్పు బద్దల్లా, మధ్యలో నల్ల గీతతో కనిపించింది.

అది ట్రాన్స్‌వర్స్ మోడ్. వెలుగు క్యావిటీ నడుం (లోపల వెలుగు అన్నిటికంటే సన్నగా ఉండే చోటు) మీదుగా సరిగ్గా దూరకపోతే, గుండ్రటి మోడ్‌తోపాటు ఇలా రెండు ముక్కల మోడ్ కూడా లేస్తుంది, దాని పౌనఃపున్యం వేరు. ఎంత వేరో అద్దాల ఒంపూ మధ్య దూరమూ కలిసి చెప్తాయి. దూరాన్ని వ్యాసార్ధంతో భాగించి ఒకటిలోంచి తీసేస్తే మాకు 0.9. దాని విలోమ కొసైన్‌ని π (పై)తో భాగించి, ఎఫ్ఎస్ఆర్‌తో గుణిస్తే 430 మెగాహెర్ట్జ్. లేజర్ మోడ్ల ఎడం 438. లెక్క వేసిన కాగితం వంక ఇద్దరం కాసేపు అలా చూస్తూ ఉండిపోయాం. పెద్ద మోడ్ తాలూకు రెండు ముక్కల పీక్, చిన్న మోడ్ తాలూకు గుండ్రటి పీక్‌కి ఎనిమిది మెగాహెర్ట్జ్ పక్కన పడుతోంది. మా పీక్ వెడల్పే ఏడు. రెండూ కలిసిపోయి ఒకే లావు పీక్‌లా కనిపిస్తున్నాయి. మేం కొలబద్దగా వాడుకుంటున్నది కూడా ఆ కలిసిపోయిన పీక్‌నే.

దీనికి మందు రెండు వైపులనుంచి వేశాం. ఒకటి, అద్దాలని 6 సెంటీమీటర్లకి జరిపాం. ఎఫ్ఎస్ఆర్ 2498 అయింది, ట్రాన్స్‌వర్స్ ఎడం 394 అయింది, 438కి 44 మెగాహెర్ట్జ్ దూరం, కంటికే విడివిడిగా కనిపిస్తాయి. రెండు, లెన్సు. మా లేజర్ కిరణం 0.6 మిల్లీమీటర్ల వ్యాసం, క్యావిటీ నడుం 0.3. ఇంతకుముందు నేరుగా దూర్చేస్తున్నాం. లెన్సు పెట్టి నడుం కలిపాక, రెండు తలల పీక్ పూర్తిగా పోలేదు గానీ గుండ్రటి పీక్‌లో ఇరవయ్యో వంతుకి వచ్చింది. వంకరగా దూరితే రెండు ముక్కల మోడ్, నడుం సైజు కుదరకపోతే చుట్టూ ఉంగరం ఉన్న మోడ్. ఈ రెండిటినీ విడిగా గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం అలైన్‌మెంట్ వచ్చినట్టే. ఆ రాత్రి రెండు పీకులూ 410 చూపించాయి.

ఇప్పుడు 410ని నమ్మొచ్చు. కానీ 627 కాదు. π (పై)ని 410తో భాగిస్తే ఒక్కో అద్దం దగ్గర పోతున్నది 0.77 శాతం. పవర్ మీటర్ పెట్టి ఒక్కో అద్దంలోంచి నేరుగా దాటేది కొలిచాం, 0.48 శాతం. మిగతా 0.29 ఎక్కడికి పోతోంది? దాటడం లేదు, వెనక్కి రావడం లేదు. చెదిరిపోతోంది లేదా పీల్చుకుపోతోంది.

ఈ అద్దాలు పాతవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇవి ల్యాబులో చెక్క బీరువాలో ఉన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు, గది అంతా తేమ. తర్వాత డబ్బా తీస్తే సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగుకి తిరిగి ఉంది. మార్చాం గానీ అద్దాలని పట్టించుకోలేదు, ఎదురుగా చూస్తే శుభ్రంగానే ఉన్నాయి కదా అనుకున్నాం. ఇప్పుడు చీకట్లో టార్చి ఏటవాలుగా వేసి చూస్తే మంచు పట్టినట్టు సన్నటి పొర, అక్కడక్కడ చుక్కలు.

అద్దం తుడవడం గురించి ఒక్క మాట, ఇక్కడే ఎక్కువ అద్దాలు పాడవుతాయి. రుద్దకూడదు. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది దుమ్ము పోగొట్టాలి, ఉన్న దుమ్ము మీద తుడిస్తే అదే గీకుతుంది. గ్లౌజులు వేసుకుని, లెన్స్ టిష్యూ అద్దం మీద పరిచి, ఒక చుక్క మిథనాల్ వేసి, టిష్యూని ఒకే వైపుకి, ఒకేసారి, మెల్లగా లాగెయ్యాలి. ఆ టిష్యూ పారెయ్యాలి, రెండోసారికి కొత్తది. మేం ఒక్కో అద్దానికి నాలుగుసార్లు చేశాం, రెండు అద్దాలకి పూటంతా పట్టింది.

తిరిగి బిగించి రాత్రి కొలిస్తే పీక్ వెడల్పు 36 మైక్రోసెకన్లు, 4.46 మెగాహెర్ట్జ్. ఫినెస్ 560. నష్టం 0.56 శాతానికి వచ్చింది, దాంట్లో దాటేది 0.48 పోను మిగిలింది 0.08 మాత్రమే.

ఈ సంఖ్యని వెంటనే ఒప్పుకోలేదు. ఒకసారి దెబ్బతిన్నాం కాబట్టి వేరే దారిలో అడిగాం. మొదటిది, పీక్ ఎత్తు. దాటే భాగాన్ని మొత్తం నష్టంతో భాగించి వర్గం చేస్తే పీక్ దగ్గర ఎంత వెలుగు అవతలికి రావాలో తెలుస్తుంది. తుడవకముందు 0.39, తుడిచాక 0.73. అంటే ఎత్తు 1.87 రెట్లు పెరగాలి. తుడవడానికి ముందు, తర్వాత ఒకే లెన్సుతో, ఒకే రెసిస్టర్‌తో చూసిన ఎత్తులు 142, 259 మిల్లీవోల్టులు. 1.82 రెట్లు. వెడల్పుతో సంబంధం లేకుండా ఎత్తు కూడా అదే కథ చెప్పింది. రెండోది, పొడవు. అద్దాలని 15 సెంటీమీటర్లకి జరిపాం. ఎఫ్ఎస్ఆర్ 999 మెగాహెర్ట్జ్‌కి తగ్గింది, లైన్‌విడ్త్ 1.82కి తగ్గింది, ఫినెస్ 549. పొడవు రెండున్నర రెట్లు మారినా ఫినెస్ చెదురు హద్దుల్లోనే నిలబడింది. అంటే మిగిలిన నష్టం అద్దాలదే, దారిదీ కాదు, స్కోప్‌దీ కాదు. (ఈ పొడవులో లేజర్ మూడో మోడ్ తర్వాతి ఎఫ్ఎస్ఆర్ పీక్ పక్కన వచ్చి కూర్చుంటుంది. 876 మెగాహెర్ట్జ్ ఎడం 123లా కనిపిస్తుంది. లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త.)

560 పెద్ద సంఖ్యా, చిన్న సంఖ్యా అని పిల్లలు అడుగుతారు. గురుత్వ తరంగాలు పట్టే లైగో చేతుల్లో ఉన్న క్యావిటీల ఫినెస్ సుమారు 450, మన దానికంటే తక్కువ. కానీ వాటి పొడవు 4 కిలోమీటర్లు, మనది 6 సెంటీమీటర్లు. వాళ్ల లైన్‌విడ్త్ వంద హెర్ట్జ్ లోపే, మనది నలభై నాలుగు లక్షల పైన. వాళ్లు కావాలనే ఆ అద్దాన్ని అంత వెలుగు దాటేలా ఎంచుకున్నారు, మనకి దొరికినవి ఇవి. మన దేశంలో మహారాష్ట్ర హింగోలిలో రాబోయే లైగో-ఇండియాలో కూడా ఇదే రెండద్దాల లెక్క. మన 6 సెంటీమీటర్లలో వెలుగు సగటున 178 సార్లు అద్దాలకి తగిలి చల్లారుతోంది, అంటే పది మీటర్లు పైగా నడుస్తోంది. తుడవకముందు 130 సార్లే.

మిగిలింది రింగ్‌డౌన్. లేజర్‌ని ఠక్కున ఆపి, లోపల వెలుగు ఎంతసేపట్లో చల్లారుతుందో నేరుగా కొలవడం. 6 సెంటీమీటర్లకి అది 36 నానోసెకన్లు. మా స్కోప్ చూడగలదు గానీ, అంతకంటే వేగంగా లేజర్‌ని ఆపే స్విచ్ మా దగ్గర లేదు. 99.98 శాతం అద్దాలు దొరికితే అర మీటరు క్యావిటీకి 8 మైక్రోసెకన్లు వస్తుంది, అప్పుడు మామూలు మాడ్యులేటర్ చాలు. స్క్రూ తప్పు వైపు తిప్పిన అమ్మాయే దాని మీద ప్రాజెక్టు రాస్తోంది. అద్దాలు ఇప్పుడు గాలి చొరని స్టీలు డబ్బాలో, నీలం సిలికా జెల్‌తో ఉన్నాయి. రంగు చూసే బాధ్యత మా అటెండర్ తీసుకున్నాడు, ప్రతి సోమవారం రిజిస్టర్‌లో రాస్తాడు.